మందు లేని సూది

కోరుట్లలో ముస్లింల ఇంట ఆడమనిషి కన్నుమూస్తే ముందుగా కబురు వెళ్లేది జులేఖాబీకి. దూరపు చుట్టాలకు ఫోన్లు చేయడం ఆ తర్వాత. ఆడవాళ్ల శవానికి ఆడవాళ్లే స్నానం చేయించాలి. దాన్ని గుస్ల్ అంటారు. ఆ పని పద్ధతిగా తెలిసినవాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. జులేఖాబీకి ఆమె తల్లి నేర్పింది. పెళ్లయి కోరుట్లకు వచ్చిన నాటినుంచి అరవై దాటిన ఈ వయసు దాకా, ఎవరు పిలిచినా వెళ్లింది. అందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. పని అయ్యాక ఆ ఇంట్లో ఛాయ్ కూడా తాగదు. దువా చదివి, చెప్పులు వేసుకుని వచ్చేస్తుంది.

ఆమె చేయించే స్నానం చూసినవాళ్లు మర్చిపోరు. రేగాకులు వేసి కాచిన నీళ్లను, పసిపిల్లకు పోసే ముందు చూసినట్టు, తన మోచేతి మీద పోసుకుని వేడి చూసుకుంటుంది. మీద కప్పిన దుప్పటి తీయదు. దాని కిందనుంచే చేయి పోనిచ్చి కడుగుతుంది. ఒంటిమీద పుండు ఉన్నా, మచ్చ ఉన్నా ఆ సంగతి ఆమె నోటినుంచి బయటికి రాదు. చివర కర్పూరం కలిపిన నీళ్లు పోసి, జుట్టు తుడిచి, మూడు జడలు అల్లుతుంది. నీళ్లు అందించడానికి వచ్చిన ఆడవాళ్లు తొందరపడితే ఒక్కటే మాట అంటుంది.

"జర మెల్లగ. సచ్చిపోయినోళ్లకు గూడ నొప్పి తెలుస్తది. చెప్పలేరు, గంతే."

అలాంటి మనిషి పోయిన చలికాలం ఒకరోజు, జనాజా ఉంది, గుస్ల్‌కు రమ్మని పిలవడానికి వచ్చిన, చనిపోయినామె బంధువును గుమ్మంలోనే నిలబెట్టి, "నేను రాను. ఇంకెవ్వలనన్న చూసుకోండ్రి" అంది.

కోడలు ఫిర్దోస్ వంటింట్లోంచి ఆ మాట విని బయటికి వచ్చింది. ఫిర్దోస్ ఊళ్లో ఒక ప్రైవేటు బడిలో టీచరు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక అత్త అలా అనడం ఆమె ఎప్పుడూ వినలేదు. జ్వరంతో ఉన్నా, పండగ పూటైనా లేచి వెళ్లే మనిషి.

"ఎందుకు అమ్మీ? పానం బాగలేదా?" అని అడిగింది.

"ముసలిదాన్నైన. చాతనైతలేదు," అని జులేఖాబీ గోడవైపు తిరిగి పడుకుంది.

చాతకాని మాట నిజమే. కుడి భుజం నొప్పి మొదలై ఏడాది దాటింది. మొదట జండూబామ్ రాసుకుంది. తర్వాత వాడలో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంది. గోలీలు మింగీ మింగీ కడుపులో మంట తెచ్చుకుంది. తల దువ్వుకోలేదు. అటక మీది డబ్బా అందుకోలేదు. కుడిపక్కకు తిరిగి పడుకోలేదు. ఇంట్లో కొడుకు అఫ్రోజ్‌కు తెలియకుండా, ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తుకుని నమాజు చేసుకునేది. ఫిర్దోస్ అది ఒకనాడు తలుపు సందులోంచి చూసింది. ఆ ఆదివారమే పట్టుబట్టి అత్తను జగిత్యాల తీసుకెళ్లింది.

జగిత్యాలలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. ఫిల్మును వెలుగులో పట్టుకుని చూశాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, లేచి వచ్చి, ఆమె చేతిని అన్ని వైపులా తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎముక బాగుంది. కీలు బాగుంది. ఆపరేషన్ అవసరం లేదు, ఇగ సూదులు గూడ ఏపిచ్చుకోకుండ్రి. నొప్పి కండలున్నది. మీ కోరుట్లల్నే శైలజ అని ఫిజియోథెరపిస్టు ఉన్నది. పొద్దుగూకంగ క్లినిక్ తెరుస్తది. ఆమెకు చూపెట్టుండ్రి. నా మెడ పట్టేస్తే నేను ఆమె దగ్గరికే పోయిన," అన్నాడు.

శైలజది గొల్లపల్లి. తల్లి ముత్తవ్వ నాట్లకు, కలుపుకు పోయేది. వాళ్లకు సొంతభూమి ఎన్నడూ లేదు. హాస్టళ్లలో చదివి, ఫిజియోథెరపీ డిగ్రీ చేసి, తర్వాత డ్రై నీడ్లింగ్ అనే చికిత్సలో ప్రత్యేకంగా శిక్షణ తీసుకుంది. పగలు జగిత్యాలలో ఒక ఆసుపత్రిలో పని. సాయంత్రం కోరుట్లలో సొంత క్లినిక్. ఆదివారాలు సిరిసిల్ల. అక్కడ మరమగ్గాల దగ్గర రోజంతా నిలబడి, తెగిన పోగు కోసం వంగీ వంగీ, మెడలూ భుజాలూ కొయ్యలైపోయినవాళ్లు ఆమె కోసం ఎదురుచూస్తుంటారు. ముప్పై రెండేళ్ల మనిషి. మాట తక్కువ. కంటితో చూసేదానికన్నా వేళ్లతో చూసేది ఎక్కువని ఆమె దగ్గరికి పోయివచ్చినవాళ్లు చెప్తారు.

క్లినిక్ అంటే ఒకటే గది. ఆకుపచ్చ తెర, ఒక బల్ల, గోడకు కండరాల బొమ్మ. శైలజ ముందు ప్రశ్నలు అడిగింది. షుగర్ ఉందా, బీపీ ఉందా, గుండెకు ఏమైనా మందులు వాడుతున్నారా, రక్తం పల్చబడే గోలీలు ఏమైనా మింగుతున్నారా. అన్నిటికీ ఫిర్దోస్ జవాబు చెప్పింది. తర్వాత శైలజ వెనకవైపు వెళ్లి, జులేఖాబీ వీపు మీద రెక్క ఎముక పొడవునా వేళ్లు నడిపిస్తూ ఒకచోట ఆగింది. బొటనవేలితో మెల్లగా ఒత్తింది.

జులేఖాబీ అదిరిపడి భుజం ముందువైపు చూసుకుంది. "నువ్వు ఎన్క ఒత్తుతున్నవ్ గద బిడ్డా. నొప్పి ముంగట లేస్తుంది. భుజంల. కిందికి మణికట్టు దాక పోతుంది."

"రోజు లేసే నొప్పి గిదేనా?"

"గిదే. అచ్చం గిదే."

"అయితే దొరికినట్టే. ఇన్ని రోజులు మీరు నొప్పి ఉన్నకాడ మందు రాసిండ్రు. ముడి ఎన్క ఉన్నది. కండల చిన్న ముడి పడ్డది, గోలీ అంత. అది గుంజితే నొప్పి ముంగటికి వస్తది," అంది శైలజ. తర్వాత ఒక సన్నటి సూదిని చూపించింది. తలవెంట్రుక కన్నా కాస్త లావు, అంతే. "దీనితోని ఆ ముడిని ఇడిపిస్త."

జులేఖాబీ సూదిని అటూ ఇటూ చూసింది. "మందేది?"

"మందు లేదమ్మా."

"మందు లేని సూది ఎందుకు?"

"గీ సూదికి రంధ్రమే ఉండదు. లోపలికి ఏదీ పోదు. సూది మొన పోయి ముడికి తగిలితే కండ ఒక్కసారి ఎగురుతది. ఎగిరి ఇడుస్తది. సుతిమెత్తగ ఉంటదని చెప్పను, నొస్తది. మీకు ఇష్టమైతేనే చేస్త. వద్దంటే వేరే తీరు చేద్దాం, జర ఎక్కువ రోజులు పడుతది."

అత్త ముఖంలోకి ఫిర్దోస్ చూసింది. జులేఖాబీ ఆలోచించి, "ఏపిచ్చుకున్న సూదులు ఏపిచ్చుకుంటనే ఉన్న. ఇది గూడ చూద్దాం," అంది.

బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, చోటును స్పిరిట్‌తో తుడిచి, సన్నటి గొట్టం ఆనించి శైలజ చిటికె వేసినట్టు తట్టింది. సూది చర్మం దాటడం జులేఖాబీకి తెలియనే లేదు. తర్వాత లోపల వెతుకులాట మొదలైంది. శైలజ కళ్లు సూది మీద లేవు, ఎదురుగోడ మీద ఉన్నాయి. వేలి కొసకు ఏదో వినిపిస్తున్నట్టు తల కాస్త పక్కకు వంచింది. ఉన్నట్టుండి ఆ కండ, గుంటలో చేప తోక కొట్టినట్టు, చర్మం కింద ఎగిరింది. అది ఫిర్దోస్‌కు కూడా కనిపించింది.

"యా అల్లా," అంది జులేఖాబీ పళ్ల బిగువున.

"గదే నేను ఎతికింది. ఇంక రెండు మూడుసార్లు ఎగురుతది. ఊపిరి మెల్లగ ఇడువుండ్రి."

మెడకూ భుజానికీ మధ్య ఉన్న కండకు వచ్చేసరికి శైలజ పద్ధతి మార్చింది. ఆ కండను రెండు వేళ్లతో పైకి పట్టి ఎత్తి, ఆ వేళ్ల మధ్యలోనే సూది పోనిచ్చింది. ఎందుకలా అని ఫిర్దోస్ అడిగింది.

"దీని కింద ఊపిరితిత్తి ఉంటది మేడం. సూది అటు పోవద్దు. కండ నా వేళ్లల్ల ఉంటె సూది నా వేలికి తగుల్తది గని లోపలికి పోదు. గీ ఒక్కటి సరిగ్గ నేర్చుకునేదాక మా సారు మమ్ముల సూది ముట్టనియ్యలె."

అయ్యాక కూర్చోబెట్టి చేయి ఎత్తమంది. ఏడాదిగా భుజం దాటని చేయి చెవిదాకా వెళ్లింది. జులేఖాబీ దాన్ని దించి మళ్లీ ఎత్తి చూసుకుంది.

"సంబురపడకుండ్రి ఇప్పుడే," అంది శైలజ. "రేపు ఎల్లుండి కొట్టినట్టు నొస్తది. వేడి కాపడం పెట్టుండ్రి. సూదితోని ముడి ఇడుస్తది గని, మళ్ల పడకుండ ఉండాల్నంటే నేను చెప్పిన ఎక్సర్‌సైజులు చెయ్యాలె. ఇంతకు ఈ చేత్తోని ఏం పని చేస్తరమ్మా?"

జులేఖాబీ కొంగు సర్దుకుంది. "ఇంటి పని."

ఫిర్దోస్ ఏదో చెప్పబోయి, అత్త చూపు చూసి ఆగిపోయింది.

మర్నాడు నిజంగానే చేయి కొట్టినట్టు నొచ్చింది. ఫిర్దోస్ భయపడి ఫోన్ చేస్తే శైలజ అన్నీ నిదానంగా అడిగింది. ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది ఉందా, వేళ్లకు తిమ్మిరి ఉందా అని కనుక్కుని, ఏవీ లేవన్నాక, "నేను చెప్పిన నొప్పే. ఎల్లుండికి తగ్గుతది. తగ్గకుంటె నేనే ఇంటికి వచ్చి చూస్త," అంది. తగ్గింది. ఇంకోసారి వెళ్లివచ్చాక జులేఖాబీ తన తల తనే దువ్వుకుంది. కుడిపక్కకు తిరిగి నిద్రపోయింది. కిటికీ ఊచకు కట్టిన రబ్బరు పట్టీని పొద్దునా సాయంత్రం లాగుతుంటే అఫ్రోజ్ చూసి నవ్వేవాడు.

ఆ ధైర్యంతోనే తప్పు జరిగింది. వెనకవాడలో ఒక బాలింత చనిపోయింది. కబురు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. జులేఖాబీ కాసేపు గుమ్మంలో నిలబడి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఒక్కతే చేయించింది. తిరిగి వచ్చేసరికి భుజం మళ్లీ బిగుసుకుపోయింది. ఫిర్దోస్ బడినుంచి వచ్చేసరికి మంచం మీద చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

శైలజ మళ్లీ రెక్క ఎముక మీద వేళ్లు నడిపించి, అదే చోట ఆగింది.

"ముడి మళ్ల ఆడ్నే పడ్డది. బోళ్లు తోమితే గిట్ల కాదమ్మా. బట్టలు పిండితే గూడ కాదు. బరువును మనకు దూరంగ పట్టి, చెయ్యి చాపి లేపితే అయితది. నాకు చెప్పకుంటె నేను ఎన్ని సూదులు గుచ్చినా ఇంతే."

జులేఖాబీ తల దించుకుంది. తర్వాత అడిగింది, "చెప్తే నన్ను ముట్టుకుంటవా?"

శైలజకు అర్థం కాలేదు.

"కొందరు ముట్టుకోరు బిడ్డా. నా చేత్తోని ఏమన్న ఇస్తే తీసుకోరు. పిల్లలను పక్కకు గుంజుకుంటరు. పని పడ్డప్పుడు మాత్రం కండ్లు తుడుసుకుంట వస్తరు." అప్పుడు చెప్పింది. చేసే పని ఏమిటో చెప్పింది. తల్లి ఎలా నేర్పిందో చెప్పింది. చివరికి, ఇంట్లో కూడా ఎవరికీ చెప్పని ముత్యంపేట సంగతి చెప్పింది.

ముత్యంపేటలో చక్కెర ఫ్యాక్టరీ దగ్గరి ఒక ఇంట్లో ఫర్హత్ అనే ఆవిడ చనిపోయింది. భారీ మనిషి. కుడివైపు కడగడానికి ఆమెను ఎడమపక్కకు తిప్పుతున్నప్పుడు జులేఖాబీ భుజంలో కరెంటు కొట్టినట్టు నొప్పి లేచింది. చేయి వదిలేసింది. ఫర్హత్ తల జారి చెక్క అంచుకు కొట్టుకుంది. నీళ్ల చప్పుడులో ఎవరికీ వినపడలేదు. జులేఖాబీకి వినపడింది.

"మాఫ్ చెయ్యమని చెవుల చెప్పిన. ఆమె అమ్మా అనలేదు, అయ్యో అనలేదు. బతికున్నామె అయితే తిట్టు తిడుతుండె, నా పానం నిమ్మలపడుతుండె. అందుకే ఇగ పోవద్దనుకున్న. సూది ఏపిచ్చుకున్నంక చెయ్యి లేస్తుంది గదా అని మళ్ల పోయిన."

ఫిర్దోస్ నోటిమీద చేయి పెట్టుకుంది. శైలజ స్టూలు లాక్కుని జులేఖాబీకి ఎదురుగా కూర్చుంది. ఆమె కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మా నాయిన పేరు నర్సింగం. మా ఊర్లె ఎవ్వలు పోయినా బొంద తవ్వేది మా నాయిననే. తవ్వేదాక నర్సన్నా, నర్సన్నా అందురు. తవ్వినంక మా నాయిన దూప అయితుందంటే నీళ్లు పైనుంచి దోసిట్ల పోద్దురు. నేను పక్కన నిలబడి చూసేదాన్ని."

"ఉన్నడా?"

"ఉన్నడు. గడ్డపార ఎత్తీ ఎత్తీ నడుం పట్టేసింది. నేను ఈ పని నేర్చుకొని ఇంటికి పోయినంక మొదలు సూది గుచ్చింది ఆయన నడుముకే. మీరు చేసేది చెప్పుకోని పని కాదమ్మా. నాకు మొదటిరోజే చెప్తే నేను మొదటిరోజే ఇంకో తీరు ఆలోచిస్తుంటి." ఆమె లేచి, బల్ల మీది దుప్పటి సర్దింది. "ఇప్పుడు ఎట్ల చేస్తరో నాకు చూపెట్టుండ్రి."

"ఎట్ల చూపెట్టాలె?"

శైలజ చెప్పులు విడిచి, బల్ల ఎత్తును తగ్గించగలిగినంత తగ్గించి, దాని మీద వెల్లకిలా పడుకుంది. కళ్లు మూసుకుంది. "నన్ను తిప్పుండ్రి."

"తోబా తోబా. బతికున్న పిల్లను గట్ల చెయ్య."

"మీరు నోటితోని చెప్తే నాకు తెల్వది. మీ చెయ్యి యాడ దూరం పోతుంది, బరువు ఎక్కడ పడుతుంది, నా పానానికి తెలువాలె. నేను పేషెంట్‌ను అనుకోండ్రి."

జులేఖాబీ బల్ల దగ్గరికి వచ్చింది. తర్వాత అలవాటు కొద్దీ బిస్మిల్లా అనుకుని, శైలజ మీద దుప్పటి మెడదాకా కప్పింది. ఒక అరచేయి మెడ కిందికి పోనిచ్చింది. రెండోది నడుము మీద ఆనించింది.

శైలజ పదేళ్లుగా రోజూ మనుషుల ఒళ్లు పట్టుకుంటూ ఉంది. తన ఒంటిని ఇలా ఎవరూ పట్టుకోలేదు. ఆ చేయి ముందు ఊరికే ఆనింది. ఇప్పుడు తిప్పబోతున్నానని చెప్పినట్టు కొద్దిగా ఒత్తింది. అప్పుడుగానీ కదపలేదు. కదిపినప్పుడు తల, భుజం, నడుము ఒక్కసారే కదిలాయి. ఎక్కడా గుంజుడు లేదు. దుప్పటి అంగుళం కూడా జారలేదు. శిక్షణలో సారు ఎన్నోసార్లు చెప్పిన మాట, ముట్టుకునే ముందు ఆ మనిషికి నీ చేయి తెలియాలన్న మాట, ఆమెకు ఇప్పుడు ఇంకోలా అర్థమైంది. జవాబు చెప్పలేని మనుషుల దగ్గర నలభై ఏళ్లు పనిచేసిన చేయి అది. తప్పు చేస్తే అనేవాళ్లు లేరు, బాగా చేస్తే మెచ్చేవాళ్లు లేరు. అయినా ఇంత జాగ్రత్త.

ఆ చేయి వణకడం కూడా ఆమెకు తెలిసింది. సరిగ్గా ఎక్కడ వణికిందో తెలిసింది.

శైలజ లేచి కూర్చుంది. గ్లాసెడు నీళ్లు తాగింది. ఫిర్దోస్ తెర పక్కనే నిలబడి ఉంది. చావు అంటే ఫిర్దోస్‌కు చిన్నప్పటినుంచీ భయం. అత్త ఆ ఇళ్లనుంచి వచ్చిన రోజు ఆమె ఏమీ అడిగేది కాదు, ఆ బట్టలు వేరే బకెట్లో వేసేది. అత్త చేసే పని ఎలా ఉంటుందో ఈ ఇన్నేళ్లలో ఈవేళే చూసింది.

"తఖ్తా ఎంత ఎత్తుంటది?" శైలజ అడిగింది. తఖ్తా అంటే శవాన్ని పడుకోబెట్టే చెక్క.

"ఇటుకల మీద పెడ్తరు. మోకాలు కింద దాక."

"గదీ సంగతి. మీరు వంగి, చేతులు చాపి, ఒక్కలే బరువంత లేపుతున్నరు. తఖ్తా నడుము దాక లేవాలె. మీరు దగ్గరికి నిలబడాలె, మోచేతులు మీ పక్కకు ఉండాలె. ఒళ్లును గుంజొద్దు. కింద ఇంకో దుప్పటి పరిచి, దాని అంచు పట్టి తిప్పాలె. ఇంకొకటి, ఒక్కలు చెయ్యొద్దు. అటుపక్క ఇంకో మనిషి ఉండాలె. నీళ్లు పోసే మనిషి కాదు, పట్టే మనిషి."

"గా మనిషి యాడ దొరుకుతది? అందరు భయపడుతరు."

"నేను పడ్త అమ్మీ," అంది ఫిర్దోస్.

జులేఖాబీ కోడలివైపు తిరిగింది. "నీకు భయం గద."

"భయమే. నువ్వు ఉంటవు గద."

రంజాన్ నెల వచ్చింది. సూది వేయించుకుంటే ఉపవాసం పోతుందా అని జులేఖాబీకి సందేహం. శైలజ, "మందుగని గ్లూకోజుగని లోపలికి ఏది పోదు. మీ ధర్మం సంగతి మాత్రం నేను చెప్పలేను, మీ పెద్దలను అడుగుండ్రి. లేకుంటె ఇఫ్తార్ అయినంక రాండ్రి, నేను ఉంట," అంది. ఇఫ్తార్ తర్వాతే వెళ్లారు. ఆ నెలంతా శైలజ వాళ్ల కోసం క్లినిక్ ఆలస్యంగా మూసింది. సూదుల అవసరం క్రమంగా తగ్గింది. వేళ్లకు ముడి దొరకని రోజు వచ్చింది. "ఇగ సూది వద్దు. రబ్బరు పట్టీ మాత్రం ఇడువొద్దు," అని చెప్పి శైలజ ఆపేసింది. ఆపడం కూడా ఆమెకు తెలుసు. ఇంకా వేయమని అడిగినవాళ్లకు కూడా అక్కర లేకపోతే వేయదని సిరిసిల్లలో చెప్పుకుంటారు.

అఫ్రోజ్‌ది వెల్డింగ్ షాపు. తల్లి చెప్పిన కొలతలకు తఖ్తా పెట్టే ఇనుప స్టాండు చేశాడు. కాళ్లు మడిస్తే ఆటోలో పడుతుంది. నీళ్లు ఒకవైపుకు పోయేలా కాస్త వాలు పెట్టాడు. మొనలు ఎక్కడా చేతికి తగలకుండా రెండు రోజులు గీకి నునుపు చేశాడు.

పండగ వెళ్లిన కొన్నాళ్లకు ఊళ్లో గాజులమ్మే ముసలావిడ చనిపోయింది. అత్తా కోడళ్లు ఇద్దరూ వెళ్లారు. ఆ పెరట్లో పరదాలు కట్టి ఉన్నాయి. ఫిర్దోస్ స్టాండుకు అటుపక్క నిలబడి కళ్లు ఎత్తలేకపోయింది.

"ముందు ఆమెకు చెప్పు, నువ్వు ఎవ్వలో," అంది జులేఖాబీ మెల్లగా.

ఫిర్దోస్ ముసలావిడ వైపు వంగింది. "నేను ఫిర్దోస్‌ను నానీ. జులేఖాబీ కోడలిని. మీ దగ్గర నా పెళ్లి గాజులు తీసుకున్న."

చెప్పాక కళ్లు ఎత్తింది. దుప్పటి అంచు పట్టుకుంది. ఇటు జులేఖాబీ, అటు కోడలు. ఒకరి మొహం ఒకరు చూసుకుని ఒక్కసారే తిప్పారు. ముసలావిడ తల ఫిర్దోస్ అరచేతిలో ఒదిగింది. జులేఖాబీ భుజంలో నొప్పి లేవలేదు. కడిగారు, తుడిచారు. మూడో జడ అల్లుతున్నప్పుడు కూడా జులేఖాబీ చేయి, పని అయ్యేదాకా పట్టేయలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక కోడలి తల మీద చేయి పెట్టింది, అంతే.

ఈ సంగతి ఎలా పాకిందో గానీ, వానాకాలం మొదట్లో సిరిసిల్లనుంచి కొందరు ఆడవాళ్లు వచ్చారు. వాళ్ల ఊళ్లో ఈ పని చేసే పెద్దావిడ మంచాన పడింది, మిగతావాళ్లకు పద్ధతి తెలియదు, వచ్చి నేర్పమని అడిగారు. జులేఖాబీ ఒప్పుకుని, ఒక్క షరతు పెట్టింది. "పద్ధతి నేను చెప్త. నడుములు, భుజాలు పోకుండ ఎట్ల చెయ్యాల్నో శైలజ చెప్తది. ఆమెను గూడ పిలువుండ్రి."

అలా ఒక ఆదివారం సిరిసిల్లలో, మసీదు వెనక ఉన్న చిన్న హాల్లో, ఆడవాళ్లు గుండ్రంగా కూర్చున్నారు. బయట మగ్గాల చప్పుడు ఆగకుండా వినపడుతూనే ఉంది. వచ్చినవాళ్లలో ముగ్గురు నలుగురు బీడీలు చుట్టేవాళ్లు, కొందరు మగ్గాలకు నూలు కండెలు చుట్టేవాళ్లు. జులేఖాబీ నీళ్ల వేడి ఎలా చూడాలో, దుప్పటి ఎలా కప్పాలో చెప్పింది. ఫిర్దోస్ అటుపక్క నిలబడి పట్టడం చూపించింది. శైలజ వాళ్లను ఇద్దరిద్దరిగా నిలబెట్టి, మోకాళ్లు ఎంత వంచాలో, మోచేయి ఎక్కడుండాలో సరిచేస్తూ తిరిగింది. శైలజను ఎలా పిలవాలో తెలియక ఒకరు మేడం అంటే, ఒకరు డాక్టరమ్మ అన్నారు. జులేఖాబీ మాత్రం మామూలుగా, "నా బిడ్డ" అని చెప్పి ఊరుకుంది. శైలజ విననట్టే ఇంకో ఇద్దరి దగ్గరికి వెళ్లింది గానీ, కళ్లు ఒకసారి తుడుచుకోవడం ఫిర్దోస్ చూసింది.

అంతా అయ్యాక కండెలు చుట్టే ఒకావిడ వెనకాలే ఉండిపోయింది. కుడి చేయి పైకి లేవదు. పావుగంట చూసి శైలజ, "ఇది గూడ కండనే. ఇష్టమైతే సూది పెడ్త, ఇప్పుడే," అంది.

ఆవిడ భయంగా జులేఖాబీవైపు చూసింది. "అమ్మా, మీరు ఏపిచ్చుకున్నరట. నొస్తదా?"

"నొస్తది," అంది జులేఖాబీ. "అబద్ధం ఎందుకు చెప్పాలె. లోపల ఏదో ఎగిరినట్టు అయితది. రెండు రోజులు నన్ను తిట్టుకుంటవు. తర్వాత నీ తల నువ్వే దువ్వుకుంటవు."

ఆవిడ నవ్వి, హాల్లో నేర్పడానికి వేసిన బల్లవైపు నడిచింది. జులేఖాబీ కూడా వెళ్లి తల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. శైలజ చేతులు కడుక్కుని వచ్చి, ఆవిడ రెక్క ఎముక మీద వేళ్లు ఆనించి, ఎదురుగోడవైపు చూస్తూ ముడికోసం వెతకడం మొదలుపెట్టింది.